అద్దం తీసేస్తే ఏమొస్తుంది? మిర్రర్‌లెస్ కెమెరాల మీద మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: లెన్స్ మార్చుకునే వీలున్న చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలు. అందుకే మిగతా విషయాలు వచ్చే సంచికకి వాయిదా వేసి ఈ పేజీలన్నీ వాటికే ఇస్తున్నాను. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగిన చోట కలిపి ఒకటిగా రాశాను.

ప్రశ్న: నా దగ్గర మంచి ఫోన్ ఉంది. డీఎస్‌ఎల్‌ఆర్ కూడా ఉంది కానీ బరువు వల్ల అది బీరువాలోనే ఉంటోంది. ఇప్పుడు ఎవర్ని అడిగినా మిర్రర్‌లెస్ కొనమంటున్నారు. ఒక అద్దం తీసేసినంత మాత్రాన ఏం ఒరుగుతుందండీ?

జవాబు: బీరువాలో ఉంటోంది అన్నారు చూడండి, సగం సంగతి అక్కడే ఉంది. ముందు ఆ అద్దం ఏం చేస్తుందో చూద్దాం. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ వెనకాల 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది, లెన్స్‌లోంచి వచ్చిన వెలుగుని అది పైకి మళ్లిస్తుంది, పైనున్న గాజు దిమ్మ ఆ బొమ్మని సరిగ్గా తిప్పి మన కంటికి చేరుస్తుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెలుగుని ఆపి ఉంచే షట్టర్ తెరుచుకుంటుంది, ఫోటో పడగానే అద్దం మళ్లీ కిందకి దిగుతుంది. ఫిల్మ్ రోజుల్లో ఇది చాలా గొప్ప ఏర్పాటు, ఎందుకంటే ఫిల్మ్ మీద ఏం పడబోతోందో లెన్స్ లోంచే చూడాలంటే అంతకన్నా మంచి దారి లేదు. ఫిల్మ్ బదులు వెలుగుని పట్టుకునే డిజిటల్ సెన్సర్ వచ్చాక పరిస్థితి మారిపోయింది. తన మీద పడుతున్నదాన్ని సెన్సరే నేరుగా తెర మీద చూపించగలదు. ఇక అద్దం ఎందుకు?

అద్దం పోతే మిగిలే లాభం చోటు. అద్దం లేచి దిగడానికి లెన్స్ మౌంట్‌కీ (లెన్స్ బిగించే చోటు) సెన్సర్‌కీ మధ్య ఖాళీ ఉండాలి. కానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఆ దూరం 44 మి.మీ., నికాన్‌లో 46.5 మి.మీ. అదే సోనీ ఈ-మౌంట్‌లో 18, ఫుజీ ఎక్స్ మౌంట్‌లో 17.7, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 19.25 మి.మీ. మాత్రమే. అంటే కెమెరా మందంలో దాదాపు రెండున్నర సెంటీమీటర్లు ఒక్క దెబ్బకి తగ్గించుకునే అవకాశం వచ్చింది, పైనున్న గాజు దిమ్మ తాలూకు మూపురం కూడా పోయింది.

2008 ఆగస్టులో ఒలింపస్, పానసోనిక్ కలిసి మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతిని (చిన్న సెన్సర్, దానికి తగ్గ మౌంట్) ప్రకటించాయి. ఆ ఏడాదే వచ్చిన పానసోనిక్ జీ1 ఈ రకం కెమెరాల్లో మొదటిది, అయితే చూడటానికి అది చిన్న సైజు డీఎస్‌ఎల్‌ఆర్ లాగే ఉండేది. జనం నిజంగా మనసు పారేసుకున్నది 2009లో ఒలింపస్ పెన్ ఈ-పీ1 వచ్చినప్పుడు. 1959లో అదే కంపెనీ ఒక ఫిల్మ్ ఫ్రేమ్‌ని రెండుగా చేసి ఫోటోలు తీసే పెన్ అనే బుల్లి కెమెరా తెచ్చింది, దానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంలో అదే పేరుతో, అదే పోలికతో ఈ డిజిటల్ పెన్ వచ్చింది. వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) లేదు, ఫ్లాష్ లేదు, అయినా సరే చేతిలోకి తీసుకున్నవాళ్లకి కింద పెట్టబుద్ధి కాలేదు. మరుసటి ఏడు సోనీ నెక్స్-3, నెక్స్-5 అంతకన్నా పెద్ద సెన్సర్‌ని ఇంకా సన్నటి ఒంట్లో పెట్టి చూపించాయి. ఆ తర్వాత నికాన్, ఫుజీ, కానన్, అందరూ ఈ దారికే వచ్చారు.

ఫోన్ సంగతి. పట్టపగలు, కదలని వస్తువు, తెర మీదే చూసే ఫోటో అయితే మీ ఫోన్ చాలు, ఇందులో మొహమాటం ఏమీ లేదు. వెలుగు తగ్గినా, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగాల్సి వచ్చినా, మనిషి వెనకున్నదంతా నిజంగా మసకబారాలన్నా, పెద్దగా ప్రింట్ వేయించాలన్నా సెన్సర్ సైజు, గాజు లెన్స్ రెండూ లెక్కలోకి వస్తాయి. కాంపాక్ట్ కెమెరాల్లో పెద్దదనిపించుకునే 1 అంగుళం సెన్సర్ వైశాల్యం దాదాపు 116 చదరపు మి.మీ. మైక్రో ఫోర్ థర్డ్స్‌ది 225, ఏపీఎస్-సీ అనే మధ్య రకం సైజుది సుమారు 367, 35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేమ్ అంత ఉండే ఫుల్ ఫ్రేమ్‌ది 864. ఫోన్ సెన్సర్లు చాలావరకు ఆ మొదటి అంకె కన్నా కిందే ఉంటాయి. తక్కువ వెలుగులో ఫోన్ నాలుగైదు ఫ్రేములు తీసి కలిపి కుదిర్చేదాన్ని ఈ కెమెరా ఒకే క్లిక్‌లో, కదిలే మనిషి మీద కూడా చేయగలుగుతుంది.

ఇది కాక చెప్పాల్సింది ఇంకోటుంది, దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఫోన్‌తో ఫోటో తీస్తున్నప్పుడు ఎవరిదో మెసేజ్ వస్తుంది, అటు వెళ్లిపోతాం. కెమెరా చేతిలో ఉంటే చేసే పని ఒక్కటే. వేలికింద డయల్, ఎడమ చేతిలో లెన్స్, కళ్లు ఎదురుగా ఉన్నదాని మీద. ఫోటో తీయడం అనే పనిలో ఆనందం ఉందని ఎవరికైనా అనుమానం ఉంటే ఇలాంటి చిన్న కెమెరా వాళ్ల చేతికిచ్చి చూడమంటాను.

ప్రశ్న: చిన్నది చిన్నది అంటారు గానీ, షాపులో చూస్తే లెన్స్ పెట్టాక నా డీఎస్‌ఎల్‌ఆర్ అంతే ఉంది. ఇదంతా ప్రచారమేనా?

జవాబు: మీరు చూసింది నిజం. ప్రచారంలో బాడీ ఒక్కదాన్నే చూపిస్తారు, మనం మోసేది బాడీనీ లెన్స్‌నీ కలిపి. అద్దం తీసేస్తే బాడీ పల్చబడుతుంది, లెన్స్ దానంతటదే చిన్నదైపోదు.

లెన్స్ ఎంత లావుండాలో నిర్ణయించేవి రెండు: ఫోకల్ లెంగ్త్ (ఎంత దగ్గరికి లాగి చూపిస్తుందో చెప్పే మి.మీ. అంకె), ఎఫ్ నంబర్ (ఇది ఎంత తక్కువైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగుని రానిస్తుంది). 300 మి.మీ. ఎఫ్ 4 లెన్స్ అనుకోండి, 300ని 4తో భాగిస్తే 75, అంటే ముందున్న గాజు కనీసం 75 మి.మీ. వెడల్పు ఉండి తీరాలి, వెనకాల అద్దం ఉన్నా లేకపోయినా. అందుకే ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కొని దానికి పెద్ద జూమ్ తగిలించుకున్నవాళ్లకి పాత బరువే మిగులుతుంది. అద్దం లేకపోవడం వల్ల లెన్స్ తయారీదారుకి నిజంగా ఉపకారం జరిగేది వైడ్ యాంగిల్ లెన్స్‌లలో. లెన్స్ వెనక గాజుని సెన్సర్‌కి బాగా దగ్గరగా తీసుకురావచ్చు కాబట్టి, అద్దానికి దూరంగా జరిగి బొమ్మని వెనక్కి విసిరే మెలికల డిజైన్ అవసరం తగ్గుతుంది, లెన్స్ చిన్నదవుతుంది, అంచుల్లో వివరం కూడా మెరుగవుతుంది.

లెన్స్ నిజంగా చిన్నదవ్వాలంటే సెన్సర్ చిన్నదవ్వాలి. ఫుల్ ఫ్రేమ్ మీద 50 మి.మీ. లెన్స్ ఎంత మేర చూపిస్తుందో మైక్రో ఫోర్ థర్డ్స్ మీద 25 మి.మీ. లెన్స్ అంతే మేర చూపిస్తుంది. రెండూ ఎఫ్ 1.8 అయితే మొదటిదానికి సుమారు 28 మి.మీ. వెడల్పు కన్ను కావాలి, రెండోదానికి 14 చాలు. ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకి అందే వెలుగు, రెండింటికీ ఒకటే. దీనికి మూల్యం ఏమిటంటే, వెనక మసక ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్ 3.6 పెట్టినంతే వస్తుంది, అదే ఐఎస్ఓ (వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) దగ్గర నాయిస్, అంటే బొమ్మలో గరుకుదనం, కూడా కొంత ఎక్కువ కనిపిస్తుంది. ఈ మూల్యం మీకు సమ్మతమా కాదా అన్నదే అసలు ప్రశ్న, మిగతావన్నీ దాని తర్వాతే.

నా మట్టుకు నాకు సమ్మతమే. పానసోనిక్ 20 మి.మీ. ఎఫ్ 1.7 లెన్స్ మందం 25.5 మి.మీ., బరువు 100 గ్రాములు. ఒలింపస్ 45 మి.మీ. ఎఫ్ 1.8 మనుషుల ఫోటోలకి బంగారం లాంటిది, 116 గ్రాములు. 2013లో వచ్చిన పానసోనిక్ జీఎం1 బాడీ బ్యాటరీ, కార్డుతో కలిపి 204 గ్రాములు, దానితో వచ్చిన 12-32 మి.మీ. జూమ్ 70 గ్రాములు. మొత్తం కలిపితే 274. ఒక పెద్ద ఫోన్ కంటే కాస్త ఎక్కువ బరువు, అంతే, అందులో మార్చుకునే లెన్స్ ఉంది! అంత చిన్న ఒంట్లో ఇరికించడానికి కొన్ని వదులుకున్నారు మరి, మెకానికల్ షట్టర్ 1/500 సెకను దగ్గరే ఆగిపోతుంది, అంతకన్నా వేగం కావాలంటే ఎలక్ట్రానిక్ షట్టర్ వాడుకోవాలి, పెద్ద చేతులున్నవాళ్లకి పట్టు కుదరదు.

కాబట్టి కొనేటప్పుడు బాడీ కొలతలు చూసి మురిసిపోకండి. మీరు ఎక్కువగా వాడబోయే లెన్స్ ఏదో అనుకుని, ఆ లెన్స్ తగిలించిన కెమెరాని చేతిలోకి తీసుకుని చూడండి.

ప్రశ్న: వ్యూఫైండర్‌లో నిజమైన దృశ్యం చూడటానికీ, బుల్లి టీవీ చూడటానికీ తేడా లేదా? ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ అంటే నాకు మనస్కరించడం లేదు.

జవాబు: తేడా ఉంది, మీ అభ్యంతరం కూడా న్యాయమైనదే. అద్దం గుండా చూసే దృశ్యంలో ఆలస్యం ఉండదు, కళ్లకి హాయిగా ఉంటుంది, బ్యాటరీ తినదు. ఎలక్ట్రానిక్ దాంట్లో చీకటి పడ్డాక బొమ్మ గరుకుగా కనిపిస్తుంది, చవక బాడీల్లో కెమెరా అటూ ఇటూ తిప్పినప్పుడు దృశ్యం కాస్త వెనకబడుతుంది, ఎక్కువసేపు చూస్తే కొందరికి కళ్లు లాగుతాయి.

అయినా నేను దాని పక్షమే, ఎందుకో చెబుతాను. ఒక మనిషి కిటికీ ముందు కూర్చుని ఉన్నారనుకోండి, వెలుగంతా వెనక నుంచి వస్తోంది. అద్దం కెమెరాలో చూస్తే ముఖం మీ కంటికి చక్కగానే కనిపిస్తుంది, ఎందుకంటే చూస్తున్నది మీ కన్ను. తీరా ఫోటో తీసి చూస్తే ముఖం నల్లగా ఉంటుంది. మిర్రర్‌లెస్‌లో ఆ నలుపు బటన్ నొక్కకముందే కనిపిస్తుంది. బొటనవేలితో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ డయల్ ఒక్కో క్లిక్ తిప్పండి, సాధారణంగా మూడు క్లిక్కులు ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు. మొదటి క్లిక్‌కి చెంప అంచు తేలుతుంది, మూడో క్లిక్‌కి కళ్లు కనిపిస్తాయి, ఐదో క్లిక్‌కి కిటికీ తెర మీది నేత వివరం పోయి తెల్లగా అయిపోవడం మొదలవుతుంది, అప్పుడు ఒకటి వెనక్కి తిప్పి ఫోటో తీస్తారు. ముఖానికీ కిటికీకీ మధ్య ఎక్కడ ఆగాలో మీ కళ్లతో మీరే తేల్చుకున్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి గురువు లేదు. పుస్తకంలో చదివితే నెలలు పట్టే అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం), షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) వ్యవహారం ఇలా చూస్తూ చూస్తూ వేళ్లకి వచ్చేస్తుంది.

చేత్తో ఫోకస్ చేసుకునేవాళ్లకైతే ఇది వరమే. ఒక బటన్ నొక్కితే దృశ్యంలో చిన్న ముక్క అయిదారింతలు పెద్దదై కనిపిస్తుంది, కనురెప్ప వెంట్రుకల మీద ఫోకస్ పెట్టుకోవచ్చు. ఫోకస్ పీకింగ్ పెట్టుకుంటే ఎక్కడ స్పష్టంగా ఉందో ఆ అంచులు రంగులో మెరుస్తాయి. ఒక హెచ్చరిక, రా ఫైల్ (కెమెరా వండని ముడి ఫైల్) తీసేవాళ్లు గుర్తుంచుకోవాలి: తెర మీద కనిపించేది కెమెరా వండిన జేపెగ్ బొమ్మ, రా ఫైల్‌లో వెలుగు వైపు దానికన్నా కొంచెం ఎక్కువే దాచి ఉంటుంది.

కొన్ని చిన్న బాడీల్లో వ్యూఫైండర్ ఉండదు, వెనక తెర ఒక్కటే. ఎండలో ఆ తెర సరిగ్గా కనిపించదు, చేతులు చాచి పట్టుకుంటే కెమెరా ఊగుతుంది. ఎక్కువగా బయట తీసేవాళ్లయితే కాస్త పెద్దదైనా సరే వ్యూఫైండర్ ఉన్నదే చూసుకోండి.

ప్రశ్న: పాతది 16 మెగాపిక్సెల్ బాడీ తక్కువకి దొరుకుతోంది. అది చాలా, 24 ఉండాలా?

జవాబు: చాలు. 16 మెగాపిక్సెల్ ఫైల్ అంటే మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 4608 x 3456 చుక్కలు, అంగుళానికి 300 చుక్కల లెక్కన దాదాపు 15 x 11 అంగుళాల ప్రింట్ వస్తుంది. మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టండి.

ప్రశ్న: మా నాన్నగారి ఫిల్మ్ కెమెరా తాలూకు లెన్సులు రెండు మూడు ఇంట్లో ఉన్నాయి. వాటిని మిర్రర్‌లెస్ మీద వాడుకోవచ్చని విన్నాను. ఎలా?

జవాబు: వాడుకోవచ్చమ్మా, మిర్రర్‌లెస్ ఇచ్చిన వరాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఇందాక చెప్పిన ఆ దూరం లెక్కే ఇక్కడ పనికొస్తుంది. నికాన్ పాత లెన్స్ సెన్సర్‌కి 46.5 మి.మీ. దూరంలో ఉంటేనే ఫోకస్ సరిగ్గా కుదురుతుంది. సోనీ ఈ-మౌంట్ దూరం 18. తేడా 28.5 మి.మీ. అంత పొడవున్న ఖాళీ గొట్టం, ఒక కొసన నికాన్ మౌంట్, ఇంకో కొసన సోనీ మౌంట్, ఇదే అడాప్టర్ అంటే. అందులో గాజు లేదు, కరెంటు లేదు, కాబట్టి లెన్స్ నాణ్యత తగ్గదు. కానన్ ఎఫ్‌డీ (42 మి.మీ.), మినోల్టా (43.5), మరతో బిగించే ఎం42 (దాదాపు 45.5), అన్నీ ఇలాగే కుదురుతాయి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో దూరం ముందే ఎక్కువ కాబట్టి గొట్టానికి చోటుండేది కాదు, అందుకే వీటిలో చాలా లెన్సులు ఏళ్ల తరబడి అటక మీదే ఉండిపోయాయి.

ముందు లెన్సుల్ని వెలుగుకి ఎదురుగా పట్టుకుని లోపల చూడండి. సాలెగూడు లాంటి సన్నటి తీగలు కనిపిస్తే ఫంగస్. కొద్దిగా ఉంటే శుభ్రం చేసేవాళ్లకి ఇవ్వచ్చు, గాజు మీది పూత తినేసి ఉంటే ఆశ వదులుకోవాలి. తర్వాత అపర్చర్ రింగ్ తిప్పి రేకులు చటుక్కున కదులుతున్నాయో లేదో చూడండి, జిడ్డు పట్టి నెమ్మదించి ఉండొచ్చు.

కెమెరాకి తగిలించాక షట్టర్ పడకపోతే కంగారు పడకండి. కెమెరా అసలు లెన్సే లేదనుకుంటోంది. మెనూలో లెన్స్ లేకుండా షట్టర్ విడుదల చేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, అది ఆన్ చేయండి. బాడీలోనే స్టెబిలైజేషన్ ఉన్న కెమెరా అయితే (ఒలింపస్ 2012లో ఈ-ఎం5తో ఐదు దిశల స్టెబిలైజేషన్ తెచ్చింది) ఫోకల్ లెంగ్త్ ఎంతో మెనూలో మీరే నమోదు చేయాలి, అప్పుడు నాన్నగారి కాలం నాటి లెన్స్‌కి కూడా చేతి వణుకు తట్టుకునే శక్తి వస్తుంది. ఫోకస్, అపర్చర్ రెండూ చేత్తోనే. 50 మి.మీ. లెన్స్ ఏపీఎస్-సీ మీద 75 లాగా, మైక్రో ఫోర్ థర్డ్స్ మీద 100 లాగా చూపిస్తుంది, అంటే మనుషుల ఫోటోలకి బాగా పనికొస్తుంది, ఇరుకు గదిలో ఇబ్బంది పెడుతుంది. పైన అపర్చర్ రింగ్ లేని లెన్సులు, అంటే నికాన్ జీ రకం, కానన్ ఈఎఫ్ లాంటివి ఈ ఖాళీ గొట్టంతో సరిగ్గా పనిచేయవు, వాటికి వేరే అడాప్టర్ కావాలి.

గొట్టం, లోహపు లెన్స్ కలిసి మీ చిన్న కెమెరా ముక్కు పొడుగైపోతుందన్నది నిజమే. రోజూ వాడటానికి కాదు గానీ తీరిగ్గా ఒక పూట కూర్చుని తీసుకోవడానికి చాలా బాగుంటుంది.

ప్రశ్న: పరుగెత్తే పిల్లల్ని, పెంపుడు కుక్కని పట్టలేకపోతున్నాను, అన్నీ మసకే. మిర్రర్‌లెస్‌లో ఆటోఫోకస్ నెమ్మది అంటారు, నిజమా?

జవాబు: ఒకప్పుడు నిజం. మొదట్లో వచ్చిన మిర్రర్‌లెస్‌లు కాంట్రాస్ట్ పద్ధతిలో ఫోకస్ చేసేవి: లెన్స్‌ని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఎక్కడ అంచులు బాగా తేరుకున్నాయో వెతుక్కుని, దాటిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి ఆగడం. కదలని వస్తువు మీద ఇది చాలా కచ్చితంగా ఉంటుంది, పరుగెత్తే పిల్లాడి మీద మాత్రం కుదరదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం కింద ప్రత్యేకంగా ఫేజ్ సెన్సర్ ఉండేది, ఫోకస్ ఎటు వైపు తప్పింది, ఎంత తప్పింది అన్నది అది ఒక్క చూపులో చెప్పేస్తుంది. 2011లో నికాన్ 1 కెమెరాలు ఆ ఫేజ్ పద్ధతిని నేరుగా బొమ్మ తీసే సెన్సర్ మీదే పెట్టాయి, తర్వాత సోనీ, ఒలింపస్, ఫుజీ, కానన్ కూడా. పానసోనిక్ మాత్రం చాలాకాలం తన సొంత పద్ధతి పట్టుకుని ఉండి, 2023లో ఎస్5 II నుంచి ఇటు వచ్చింది.

ఇప్పటి బాడీలు మనిషి కన్ను, కుక్క కన్ను, పక్షి కన్ను గుర్తుపట్టి దాన్నే పట్టుకుని వెంటాడతాయి. ఇంకో లాభం కూడా ఉంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ కొలిచే సెన్సర్ వేరు, ఫోటో తీసే సెన్సర్ వేరు, రెండింటి మధ్య వెంట్రుకవాసి తేడా వస్తే కన్ను బదులు చెవి మీద ఫోకస్ పడేది. ఇక్కడ రెండూ ఒకటే కాబట్టి ఆ బాధ లేదు.

మీరు సెకండ్‌హ్యాండ్ చూస్తుంటే మోడల్ పేరు కంటే ముందు సెన్సర్ మీద ఫేజ్ డిటెక్షన్ ఉందా అని అడగండి. ఇక మీ ఫోటోలన్నీ మసక అన్నారు, అందులో కొంత ఫోకస్‌ది కాకపోవచ్చు. ఇంటి లోపల పరుగెత్తే పిల్లాడికి 1/60 సెకను చాలదు, కనీసం 1/500 పెట్టండి, ఐఎస్ఓ పెరిగితే పెరగనివ్వండి. నాయిస్ ఉన్నా వివరం ఉన్న ఫోటో ఆల్బంలో ఉంటుంది, మసక ఫోటోని ఎవరూ ఉంచుకోరు.

ప్రశ్న: చప్పుడు లేకుండా తీయొచ్చని సంతోషపడి, వేదిక మీద కార్యక్రమం ఒకటి తీశాను. ఫోటోల నిండా అడ్డంగా చీకటి చారలు! కెమెరా పాడైందా?

జవాబు: కెమెరా నిక్షేపంగా ఉంది. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో రేకులేవీ కదలవు, సెన్సర్ పైవరుస నుంచి కిందివరుస దాకా ఒక్కో వరుసగా చదువుకుంటూ పోతుంది. ఎల్ఈడీ దీపాలు మన కంటికి తెలియకుండా వెలిగి ఆరుతుంటాయి, ఆరినప్పుడు చదివిన వరుసలు చీకటి చారలవుతాయి. కదిలేవి వంగిపోయి కనిపించడానికీ ఇదే కారణం. చప్పుడు తప్పనిసరిగా ఉండకూడదంటే షట్టర్ స్పీడ్ తగ్గించి (1/50 లేదా 1/60, 1/100 లేదా 1/120, మీ దగ్గర కరెంటు 50 హెర్ట్జా 60 హెర్ట్జా అన్నదాన్ని బట్టి) ప్రయత్నించండి, చారలు చాలావరకు తగ్గుతాయి. రంగు దీపాల వేదికల దగ్గర ఇది కూడా ఎప్పుడూ కుదరదు, అప్పుడు మెకానికల్ షట్టరే. చిన్న మిర్రర్‌లెస్‌లో అద్దం చప్పుడు ఎలాగూ లేదు కాబట్టి అది కూడా పక్కవాళ్లని పెద్దగా ఇబ్బంది పెట్టదు. చాలా వేగంగా చదివే సెన్సర్లు వచ్చాక ఈ బాధ తగ్గింది, 2021లో నికాన్ జెడ్9 మెకానికల్ షట్టర్‌ని పూర్తిగా తీసేసింది, 2023లో సోనీ మొత్తం ఫ్రేమ్‌ని ఒకేసారి చదివే సెన్సర్‌తో ఏ9 IIIని ప్రకటించింది. అవి పెద్దవి, ఖరీదైనవి, మనం మాట్లాడుకుంటున్న జేబు కెమెరాల కోవలోవి కావు.

ప్రశ్న: బ్యాటరీ రోజంతా రావడం లేదు. లెన్స్ మార్చినప్పుడల్లా సెన్సర్ మీద దుమ్ము కూడా.

జవాబు: బ్యాటరీ విషయంలో అద్దం కెమెరాదే పైచేయి, ఒప్పుకోవాలి. అద్దం గుండా చూసేటప్పుడు దానికి కరెంటు అక్కర్లేదు, అందుకే ఒక చార్జింగ్‌కి ఎనిమిది వందలు, వెయ్యి ఫోటోలు ఇచ్చే బాడీలున్నాయి. చిన్న మిర్రర్‌లెస్‌లో సెన్సర్, తెర నిరంతరం పనిచేస్తూనే ఉంటాయి, బ్యాటరీ కూడా చిన్నదే, మూడు నాలుగు వందలంటే మామూలే. అదనపు బ్యాటరీ ఒకటి కొనుక్కోండి, కెమెరా వాడనప్పుడు స్విచ్ ఆపేయండి, వైఫై ఆపేయండి.

దుమ్ముకి: స్విచ్ ఆపాకే, కెమెరా ముఖం నేలకి తిప్పి లెన్స్ మార్చండి. కొత్త లెన్స్ మూత ముందే తీసి ఒక చేత్తో సిద్ధంగా పెట్టుకోండి. దుమ్ము పడితే రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, నోటితో ఎట్టి పరిస్థితుల్లోనూ ఊదకండి, తుంపర్లు పడితే పని పెరుగుతుంది. 2018లో వచ్చిన కానన్ ఈఓఎస్ ఆర్ స్విచ్ ఆపగానే షట్టర్‌ని మూసేసి సెన్సర్‌కి అడ్డం పెడుతుంది, మంచి ఆలోచన. అలాంటి కెమెరాలో మూసి ఉన్న షట్టర్ రేకుల్ని మాత్రం వేలితో తాకకండి, చాలా సున్నితం.

ప్రశ్న: నాకు నచ్చిన చిన్న కెమెరా తయారీ ఆగిపోయిందట. అయినా కొనొచ్చా? చేతిలో ఉన్న డబ్బుకి బాడీ, ఒక్క లెన్స్ వస్తాయి. ఏ లెన్స్ తీసుకోమంటారు?

జవాబు: ఈ కెమెరాల కథలో బాధ పెట్టే భాగం ఇదే. 2010లో మొదలైన సామ్‌సంగ్ ఎన్ఎక్స్ కొన్నేళ్లకే ఆగిపోయింది, 2011లో వచ్చిన నికాన్ 1ని 2018లో ఆపేశారు, 2012లో మొదలైన కానన్ ఈఓఎస్ ఎం 2023తో ముగిసింది. ఇవేవీ చెడ్డ కెమెరాలు కావు. ఈఓఎస్ ఎం లెన్స్ 22 మి.మీ. ఎఫ్ 2 లాంటిది ఇప్పటికీ దానికదే సాటి. ఒలింపస్ కూడా కెమెరా వ్యాపారాన్ని వదులుకుంది, 2021 నుంచి అది ఓఎం డిజిటల్ సొల్యూషన్స్ చేతిలో ఉంది, అయితే అక్కడ మౌంట్ అలాగే బతికి ఉంది, కొత్త బాడీలూ లెన్సులూ వస్తున్నాయి.

ఆగిపోయిన మౌంట్ కొనాలంటే ఇలా ఆలోచించండి. మీకు కావాల్సిన ఒకటి రెండు లెన్సులు ఇప్పుడే దొరుకుతున్నాయా? బ్యాటరీలు దొరుకుతున్నాయా? రెండింటికీ అవునంటే, ఇక ముందు ఏమీ కొనననే నిశ్చయంతో నిస్సంకోచంగా తీసుకోండి, కెమెరా రేపు ఫోటోలు తీయడం మానేయదు. మెల్లిగా లెన్సులు కూడబెట్టుకోవాలనే ఆలోచన ఉంటే మాత్రం వద్దు. మైక్రో ఫోర్ థర్డ్స్, సోనీ ఈ, ఫుజీ ఎక్స్, ఈ మూడింటిలో ఏదైనా చూడండి, కొత్తవీ పాతవీ కూడా ఎక్కువగా దొరుకుతాయి.

ఒక్క లెన్స్ అన్నారు కాబట్టి నా ఓటు పల్చటి ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్‌కే. కెమెరాతో పాటు వచ్చే కిట్ జూమ్ పనికిమాలినదని కాదు, పగటి పూట చక్కగా పనిచేస్తుంది, కానీ సాయంత్రం దీపాలు వెలిగే వేళకి దాని అపర్చర్ చాలదు, అప్పుడే కదా ఫోటోలు తీయాలనిపించేది. ఫుజీలో 27 మి.మీ. ఎఫ్ 2.8 ఉంది, మొదటి రకం 78 గ్రాములే. సోనీలో 20 మి.మీ. ఎఫ్ 2.8 ఉంది, 69 గ్రాములు, సన్నగా బాగుంటుంది గానీ వెలుగు విషయంలో మరీ ఉదారం కాదు. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో పైన చెప్పిన పానసోనిక్ 20 మి.మీ. ఎఫ్ 1.7 చాలా పదునైనది, దాని ఆటోఫోకస్ మాత్రం నెమ్మది, లోపల గాజు కదులుతుంటే గుర్రుమని వినిపిస్తుంది కూడా. మనుషులూ వీధులూ అయితే దానితో హాయిగా గడిచిపోతుంది, పరుగెత్తే పిల్లలుంటే పానసోనిక్ 15 మి.మీ. ఎఫ్ 1.7 గానీ ఒలింపస్ 25 మి.మీ. ఎఫ్ 1.8 గానీ చూడండి, రెండూ చురుగ్గా ఉంటాయి.

ఏ ఫోకల్ లెంగ్త్ మీకు నప్పుతుందో తెలియకపోతే ఫోన్‌లో తీసిన పాత ఫోటోలు తిరగేయండి. ప్రతిసారీ దగ్గరికి లాగి కత్తిరించుకుంటున్నారా, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో మీకు 25 నప్పుతుంది. తీసినవి తీసినట్టే నచ్చుతున్నాయా, 15 వైపు వెళ్లండి. కొనే రోజున మీరు రోజూ పట్టుకెళ్లే సంచీ తీసుకెళ్లి, లెన్స్ బిగించిన కెమెరాని అందులో పెట్టి చూసుకోండి. పట్టకపోతే ఇంకో లెన్స్ చూపించమని అడగండి.